రమణి అనే మనిషి ఈడ లేదు

మా అంగడికి ఎదురుగా ఉన్న ఇంటికి ఓనరు జయరామ్ అయితే కావచ్చు గానీ, ఆ ఇల్లు రంజాన్‌బీది. కాదనేవాళ్ళు ఎవరైనా ఉంటే వచ్చి నాతో మాట్లాడండి.

నా పేరు లోకేశ్వరి. తిరుపతిలో అలిపిరికి పోయే దారిలో, ఒక సందు మలుపులో నాకు జిరాక్సు అంగడి ఉంది. కొండకు వచ్చేవాళ్ళకు ఆధార్ కాపీలు, దర్శనం టికెట్ల ప్రింట్లు తీసిచ్చి బతుకుతున్నాను. నాకు కోపం ముక్కు మీదే ఉంటుందని మా వీధిలో అందరూ అంటారు. ముక్కు నాది, కోపం నాది, వాళ్ళకేం నష్టమో తెలియదు. అంగడిలో కూర్చుంటే ఎదురింటి గేటు, మెట్లు, వరండా అన్నీ కనిపిస్తాయి. కాబట్టి రంజాన్‌బీ గురించి నేను చెప్పేదాంట్లో విన్నది తక్కువ, చూసింది ఎక్కువ.

ఆమె పుట్టింది చిత్తూరు దగ్గర ఐరాలలో. భర్త కాశింవలి దూది ఏకి పరుపులు కుట్టేవాడు. ఫోము పరుపులు వచ్చి ఆ పనిని మింగేశాయి. ఇప్పుడు ఎవరైనా పాత పరుపు విప్పి మళ్ళీ కుట్టమంటే కుడతాడు, లేకపోతే గమ్మున ఇంటి ముందు కూర్చుంటాడు. కూతురు తరన్నుమ్ చిత్తూరులో నర్సింగు చదువుతోంది. ఆ కుటుంబమంతా రంజాన్‌బీ జీతం మీదే నడుస్తోంది. ఈ మాట ముందే ఎందుకు చెబుతున్నానంటే, తరవాత ఆమె చేసిందంతా విని, పోయేదేమీ లేదు కాబట్టి తెగించిందిలే అనుకుంటారేమోనని. ఆమెకు పోయేది ఉంది. ఆ ఉద్యోగం ఒక్కటే ఉంది.

జయరామ్ చిత్తూరులో మామిడి మండీ వాళ్ళ అబ్బాయి. బెంగళూరులో పెద్ద ఉద్యోగం. మా ఎదురిల్లు కొని, యాత్రికులకు రోజువారీ అద్దెకు ఇళ్ళిచ్చే ఒక యాప్‌లో పెట్టాడు. మొదట్లో ఆ ఇంటికి పరుపులు కుట్టించుకుందామని కాశింవలిని పిలిచాడు. పరుపులు మోసుకొచ్చింది రంజాన్‌బీ. తాను అంత దూరంలో ఉంటే ఇక్కడ ఇల్లు ఎవరు చూసుకుంటారని జయరామ్ తల పట్టుకుని కూర్చుంటే, "నేను చూసుకుంటా సార్, నాకు చేతనవుతాది" అని ఆమే అడిగి ఆ పని తీసుకుంది. ఎవరూ దయతలచి ఇవ్వలేదు.

ఆ పని చూడటానికి తేలికగా ఉంటుంది. తాళాలు ఇవ్వడం, దుప్పట్లు మార్చడం, అంతే కదా అనుకుంటారు. వచ్చేవాళ్ళను చూస్తే తెలుస్తుంది. నడిచి కొండెక్కి దిగి, పిక్కలు పట్టుకుని గేటు దగ్గరే కూలబడేవాళ్ళు ఉంటారు. గుండు చేయించుకుని అద్దం ముందు నుంచి కదలని ఆడవాళ్ళు ఉంటారు. వేళాపాళా లేని దర్శనాలు, వేళాపాళా లేని స్నానాలు. ఒకాయన తడి పంచె తెచ్చి ఫ్యాను రెక్కకు కట్టాడు. "ఏందప్పా, ఫ్యానుకు పంచె కట్టినావు? స్విచ్చేస్తే నీకంటే ముందు నీ పంచె తిరుమలకు పోతాది" అని ఆమె అంటే, ఆ ఇంట్లో వాళ్ళంతా నవ్వలేక చచ్చారు. ఆయనే స్వయంగా పంచె విప్పి దండెం మీద వేసుకున్నాడు.

ఆ ఇంటి వంటగదిలోకి కోడిగుడ్డు కూడా రానివ్వదు. "కొండకొచ్చినోళ్ళ ఇల్లిది. నియమం నియమమే" అంటుంది. తన అన్నం క్యారియరు మా అంగడిలో పెట్టుకుని, మధ్యాహ్నం ఇక్కడికొచ్చి తింటుంది. పొద్దున్నే ఆ వాకిలి ఊడ్చి, నీళ్ళు చల్లి, ముగ్గు వేసేదీ ఆమే. ఇవన్నీ చేయమని జయరామ్ చెప్పలేదు. ఇల్లు చూసుకోవడమంటే ఆమె లెక్కలో అదే.

అట్లా సాఫీగా సాగుతున్న పనిలో పేరు గొడవ వచ్చి పడింది.

ఒక మధ్యాహ్నం ఆమె మా అంగడిలో అన్నం తింటోంది. జయరామ్ ఫోన్ చేశాడు. చెయ్యి ఎంగిలి కాబట్టి ఫోను బల్ల మీద పెట్టి స్పీకరు నొక్కమంది. నొక్కాను.

"రంజాన్‌బీ, ఒక చిన్న మార్పు చేసినా" అన్నాడు జయరామ్. "యాప్‌లో నీ పేరు తీసి రమణి అని పెట్టినా. ఎవరైనా ఫోన్ చేస్తే, నేను రమణిని అని చెప్పు. సరేనా?"

"ఏమిటికి సార్?"

"ఒకరిద్దరు పేరు చూసి వెనక్కి పోతాండారు. కొండకొచ్చేవాళ్ళు కదా, వాళ్ళ పట్టింపులు వాళ్ళవి. నాకైతే ఏం లేదు, నీకు తెలుసు. వ్యాపారం కోసరం చెప్తాండా. రమణి కూడా ర తోనే కదా మొదలయ్యేది."

ర తో రంపం కూడా మొదలవుతుందని నా నోటిదాకా వచ్చింది. రంజాన్‌బీ కళ్ళతోనే నన్ను ఆపి, నోట్లో ముద్ద మింగి, నీళ్ళు తాగి, అప్పుడు మాట్లాడింది.

"సార్, అద్దెకు పెట్టింది మీ ఇల్లు. నా పేరును నేను ఇంకా అద్దెకు పెట్టలేదు."

"అట్ల కాదమ్మా. ఫోన్లో చెప్పేదానికి మాత్రమే. దాంట్లో నీకు పోయేదేముంది?"

"ఏం పోదంటారా? అట్లయితే మీరు జమాల్ అని పెట్టుకోండి సార్. అదీ జ తోనే కదా మొదలయ్యేది."

నేను క్యారియరు మూత నోటికి అడ్డం పెట్టుకున్నాను. జయరామ్ మాత్రం పేరు వెనక్కి మార్చలేదు. యాప్‌లో ఆమె ఫోటో కింద రమణి అనే ఉండిపోయింది.

ఆ రోజు నుంచి ఆమె ఒక పద్ధతి పెట్టుకుంది. ఎవరైనా ఫోన్ చేసి "రమణి గారా?" అంటే, "రమణి అనే మనిషి ఈడ లేదండి. నా పేరు రంజాన్‌బీ. ఇల్లు చూసుకునేది నేనే, తాళాలు నా దగ్గరే ఉండాయి. రాండి" అని చెప్పేది. ఎంత మర్యాదగా చెప్పేదంటే అవతలివాళ్ళకు కోపం తెచ్చుకునే సందు దొరికేది కాదు. నిజం చెప్పొద్దూ, చాలామందికి అదొక లెక్కే కాదు. ఒక ముసలావిడైతే, "నీ పేరు ఏదైతే నాకేందే తల్లీ, వేడినీళ్ళు వస్తాయా, రావా?" అని అడిగింది. దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడంటారు చూడండి, అట్లా వచ్చేవాళ్ళలో చాలామందికి లేని పట్టింపు ఓనరుకు వచ్చింది.

ఎవరో ఒకరిద్దరు మాత్రం ఫిర్యాదు చేశారు. జయరామ్ బెంగళూరు నుంచి కారేసుకుని వచ్చాడు. వరండాలో నిలబడి, కోపంగా కాదు, బతిమాలుతున్నట్టుగానే చెప్పాడు. ఇళ్ళు చూసిపెట్టే ఏజెన్సీ ఒకటి తనను అడుగుతోందని, ఇంకొక్క ఫిర్యాదు వస్తే తాళాలు వాళ్ళకు ఇచ్చేస్తానని, తరవాత తనను అనుకోవద్దని. ఆమె వింది. విని, దుప్పట్లు మార్చడానికి లోపలికి పోయింది.

సాయంత్రం కాశింవలి వచ్చి మా అంగడి మెట్ల మీద కూర్చున్నాడు. పాపం, ఎవరి మీదా గొంతెత్తని మనిషి. "ఒక పేరే కదా, చెప్పేస్తే ఏం పోతాది? బిడ్డ చదువు సగంలో ఉండాది" అన్నాడు.

"నువ్వు పాత దూది కూరి కొత్త పరుపని ఎవురికన్నా ఇచ్చినావా?" అని అడిగింది రంజాన్‌బీ.

"లేదు. ఏమిటికి ఇస్తాను?"

"నేనూ అంతే."

ఆయన లేచి, ఆమె క్యారియరు తాను పట్టుకుని ఇంటికి నడిచాడు. ఆమెకు భయం లేదనుకోకండి. తరన్నుమ్ ఫీజు మాట వచ్చినప్పుడు ఆమె మొహం ఎట్లా అవుతుందో నేను చూశాను. భయపడుతూనే మొండికేసింది.

గంగాధరం కుటుంబం వచ్చింది ఆ తరవాతే. గుంతకల్లులో పప్పుల హోల్‌సేల్ వ్యాపారం ఆయనది. వెంట భార్య, కూతురు రూపశ్రీ. ఆటో దిగి, నుదుటి నిండా నామాలతో, పెట్టెలతో గేటు తీసుకుని లోపలికి వచ్చారు. గంగాధరం ఒక కాలు గడప లోపల పెట్టి, "రమణి గారు ఎక్కడ?" అని అడిగాడు.

"రమణి అనే మనిషి ఈడ లేదండి. నేను రంజాన్‌బీని. రాండి, లోపలికి రాండి."

ఆయన లోపల పెట్టిన కాలు వెనక్కి తీసుకున్నాడు. నేను అంగడిలోంచి చూస్తున్నాను. ఆ కాలు వెనక్కి రావడం నేను చచ్చేదాకా మరిచిపోను. మనిషి మొహం మీద ఉమ్మినా అంత బాధ ఉండదు. ఆయన వీధిలోకి వచ్చి, నలుగురూ వినేటట్టు జయరామ్‌కు ఫోన్ చేశాడు. నియమంగా యాత్రకు వచ్చామని, మోసం చేసి ఇల్లు అంటగట్టారని, డబ్బు వెనక్కి ఇస్తారా, మనిషిని మారుస్తారా అని అరిచాడు. భార్య తలుపు పక్కన పెట్టె మీద కూర్చుంది. రూపశ్రీ నేల చూస్తూ నిలబడింది.

ఐదు నిమిషాల్లో రంజాన్‌బీ ఫోను మోగింది. ఈసారి స్పీకరు అవసరం లేకపోయింది, జయరామ్ గొంతు వీధి దాటి వినిపించింది. వాళ్ళున్నన్ని రోజులు ఆమె ఆ ఇంట్లోకి పోకూడదట. తాళాలు నాకు ఇవ్వాలట, వాళ్ళకు కావలసినవి నేను చూడాలట. ఆమె ఫోను చేత్తో పట్టుకుని నా వైపు చూసింది.

"నేను తీసుకోను" అన్నాను, ఆయనకు వినబడేటట్టే. "నాకు అంగడుండాది. ఇంకొకరి పని లాక్కోవాల్సిన గతి నాకు పట్టలేదు."

ఆమె తాళాలు తీసుకుని గంగాధరం దగ్గరికి పోయింది. ఆయన అరచెయ్యి చాపబోయి, మళ్ళీ ముడుచుకున్నాడు. ఆమె ఆ చేతిని చూసింది. తాళాలు గేటు దిమ్మె మీద పెట్టింది.

"మీరున్నన్ని దినాలు గేటు దాటి లోపలికి రాను" అంది. "కానీ ఒక మాట. నీళ్ళు రాకపోయినా, కరెంటు పోయినా, రమణిని పిలిస్తే ఎవురూ పలకరు. పిలిచేదుంటే రంజాన్‌బీని పిలవండి."

వచ్చి మా అంగడిలో స్టూలు మీద కూర్చుంది. ఆమె ఏడవలేదు. నాకే కోపంతో ఏడుపొచ్చింది. ముక్కు చీదుకుంటూ ఎవరివో ఆధార్ కాపీలు ముందువైపు మాత్రమే తీసి, వెనకవైపు తీయకుండా ఇచ్చి పంపించాను.

"ఉద్యోగం పోయినట్టేనా రంజాన్‌బీ?" అని అడిగాను.

"పోతే పోనీ. వీళ్ళు పోయేదాకా మాత్రం ఈడే ఉంటా. భయపడి ఇంట్లో కూర్చుంది అనిపించుకోను" అంది. అన్నట్టే చేసింది. పొద్దున్నే వచ్చి గేటు బయట వాకిలి ఊడ్చి, ముగ్గు వేసి, మా అంగడిలో కూర్చునేది. గంగాధరం వస్తూ పోతూ ఆ ముగ్గు తొక్కకుండా పక్క నుంచి నడిచేవాడు. ఆ మాత్రం భక్తి ఉంది ఆయనకు.

వాళ్ళు కొండకు పోయి దర్శనం చేసుకుని వచ్చారు. మరుసటి రోజు పొద్దున్నే ఒక కారు వచ్చి ఆగింది. ముగ్గురూ చేతిసంచీ ఒకటి తీసుకుని ఎక్కారు. పెట్టెలన్నీ ఇంట్లోనే వదిలేసి తాళం వేసుకుని పోయారు. ఎక్కడికి పోతున్నారో మాకు తెలియదు. చెబితే కదా తెలిసేది.

వాళ్ళు పోయింది కాళహస్తికి, రూపశ్రీ జాతకంలో ఏదో దోషం ఉందని రాహుకేతు పూజ చేయించడానికి. మా వైపు ఒక ఆచారం ఉంది. కాళహస్తిలో ఆ పూజ చేయించుకున్నవాళ్ళు నేరుగా సొంత ఇంటికి పోవాలి. దారిలో ఇంకొకరి గడప తొక్కకూడదు. తొక్కితే ఆ దోషం ఆ ఇంటికి అంటుకుంటుందని, తమనూ వదలదని నమ్మకం. అందుకే తిరుపతిలో దిగినవాళ్ళు గది ఖాళీ చేసి, పెట్టెలు వెంటబెట్టుకునే కాళహస్తికి పోతారు. ఎవరు కాళహస్తి మాట ఎత్తినా రంజాన్‌బీ మొదట చెప్పేది అదే, "సామాను తీసుకోని పోండి, మల్లా ఈడికి రాగూడదు" అని. గంగాధరానికీ చెప్పి ఉండేది. చెప్పడానికి ఆమెను గేటు దాటనిచ్చి ఉంటే.

మధ్యాహ్నం ఆమె అన్నం తింటుండగానే జయరామ్ ఫోను. ఈసారి గొంతులో అరుపు లేదు.

"రంజాన్‌బీ, ఒక ఇబ్బంది వచ్చింది. వాళ్ళు కాళహస్తిలో ఉండారు. పూజయినాక క్యూలో ఎవరో చెప్పినారంట, ఇంకొకరింటికి పోగూడదని. అద్దెకు తీసుకున్నా అది ఇంకొకరిల్లే అని ఆయన పట్టు పట్టినాడు. సాయంత్రం రేణిగుంటలో వాళ్ళకు రైలుండాది. నీ దగ్గర రెండో తాళముంటాది కదా. వాళ్ళ సామాన్లన్నీ సర్ది రేణిగుంట స్టేషనుకు తెచ్చిస్తావా?"

ఆమె నింపాదిగా చెయ్యి కడుక్కుంది. కొంగుతో తుడుచుకుంది.

"నన్ను ఇంట్లోకి పోవద్దన్నారు కదా సార్."

"అది అప్పుడమ్మా. ఇప్పుడు అవసరం."

"వాళ్ళు వచ్చింది రమణి ఇంటికి. రమణినే సర్దమనండి. రమణినే మోయమనండి."

"ఇప్పుడు ఈ మాటలు మాట్లాడే టైమా ఇది?"

"ఇదే టైము సార్. పోయిన తడవ మీరు వినలేదు. అంతకు ముందూ వినలేదు. యాప్‌లో నా పేరు పెట్టండి. పెట్టినాక లోకేశ్వరి కంప్యూటర్లో చూసి చెప్తాది. అప్పుడు పోతా."

"బెదిరిస్తాండావా నన్ను?"

"లేదు సార్. మీకిష్టం లేకపోతే ఏజెన్సీ వాళ్ళను పిలవండి. నేను అడ్డం రాను. నా పేరుతో అయితే చేస్తా, లేకపోతే లేదు."

ఫోను పెట్టేశాక ఆమె స్టూలు కంప్యూటరు వైపు జరుపుకుంది. నేను కంప్యూటరు ముందు కూర్చుని యాప్‌లో ఆ ఇంటి పేజీ తెరిచి, మళ్ళీ మళ్ళీ నొక్కుతూ ఉన్నాను. రమణి, రమణి, రమణి. ప్రింటు కోసం వచ్చినవాళ్ళను కాసేపు ఆగమన్నాను. ఉన్నట్టుండి పేజీ మారింది. ఆమె ఫోటో కింద రంజాన్‌బీ అని వచ్చింది. అంగడిలో ఉన్న ముక్కూమొహం తెలియని జనానికి కూడా నేను స్క్రీను తిప్పి చూపించాను.

ఆమె జయరామ్‌కు ఫోన్ చేసింది. "చూసినాను సార్. ఇంగ ఆ గంగాధరం గారిని నాకు ఫోన్ చేయమనండి."

"నేను చెప్పినాను కదమ్మా, ఇంకా ఆయనెందుకు?"

"సామాన్లు ఆయనవి. ఆయన అడగాల."

గంగాధరం ఫోన్ చేశాడు. వెనక గుడి దగ్గరి రద్దీ వినిపిస్తోంది. "అమ్మా, సామాన్ల సంగతి ఓనరు చెప్పినాడంట కదా" అన్నాడు.

"ఎవురు కావాల మీకు?" అని అడిగింది ఆమె.

ఆయన గొంతు సవరించుకున్నాడు. ఆయన పక్క నుంచి భార్య గొంతు వినిపించింది, "చెప్పండి, టైమవుతాంది" అని.

"రంజాన్‌బీ కావాల" అన్నాడు గంగాధరం.

"నేనే. చెప్పండి."

అప్పుడు చెప్పాడు. ఏ పెట్టె ఎక్కడుందో, భార్య బీపీ మాత్రలు ఎక్కడున్నాయో, దండెం మీద ఆరేసిన చీరలేవో, వంటగది అరలో లడ్డూలు ఎన్ని కవర్లలో ఉన్నాయో అన్నీ చెప్పాడు. ఆమె ఊకొడుతూ వింది. వెటకారంగా ఒక్క మాట కూడా కలపలేదు. నేనైతే కలిపేదాన్ని.

ఇంట్లోకి పోయి సర్దుతుంటే సాయం చేద్దామని నేనూ వెంట పోయాను. లడ్డూల కవరు మీద చెయ్యి వేయబోతే ఆపింది. "నువ్వు ముట్టుకోవద్దు లోకేశ్వరీ. పిలిచింది నన్ను" అంది. చీరలు మడిచి, మాత్రలు చిన్న సంచిలో విడిగా కట్టి, లడ్డూలు నలగకుండా ఇంకో సంచిలో సర్దింది, అన్నీ తన చేత్తోనే. నేను అంగడి షట్టరు దించేశాను. ఆటోలో పెట్టెల మధ్య ఇరుక్కుని ఇద్దరం రేణిగుంట పోయాం. దారి పొడుగునా ఆమె లడ్డూల సంచిని ఒళ్ళోనే పెట్టుకుని కూర్చుంది.

ప్లాట్‌ఫారం మీద వాళ్ళు ముందే వచ్చి నిలబడి ఉన్నారు. గంగాధరం పెట్టెలు లెక్క చూసుకున్నాడు. సరిపోయాయి. భార్య మాత్రల సంచి తీసి చూసుకుని, "బాగా సర్దినావమ్మా" అంది. ఆయన లడ్డూల సంచి పైకెత్తాడు.

"ఇవి ఎవరు సర్దినారు?"

"నేనే" అంది రంజాన్‌బీ.

ఆయన సంచిని రెండు వేళ్ళతో పట్టుకుని కాసేపు ఆలోచించాడు. తరవాత మొహానికి నవ్వు తెచ్చుకున్నాడు. "ఇవి మీరే ఉంచుకోండమ్మా. ఇంత దూరం వచ్చినారు కదా, ఇంట్లో పిలకాయలకు పెట్టండి" అన్నాడు.

వినేవాళ్ళకు ఎంత మంచి మాట. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. నేను నోరు తెరిచేలోపే రంజాన్‌బీ మాట్లాడింది. గొంతు పెంచలేదు.

"సార్, ప్రసాదం ఇచ్చేవాళ్ళు ఇట్ల రెండు వేళ్ళతో ఇయ్యరు. మీకు ఇయ్యాలని ఉంటే కుడిచేత్తో నా చేతిలో పెట్టండి. కండ్లకద్దుకోని తింటా. నా చెయ్యి తగిలిందని వదిలించుకోవాలనుంటే, అదిగో, ఆ స్తంభం కాడ చెత్తబుట్ట ఉండాది. మీ చేత్తో మీరే వేయండి. మీ బదులు నేను మాత్రం మోసుకోని పోను."

అని కుడి చెయ్యి చాపింది. అరచెయ్యి తెరిచి, ఆయన ముందు పెట్టి నిలబడింది.

ఆయన ఆ చేతిని చూశాడు. చెత్తబుట్టను చూశాడు. తిరుమల లడ్డూ చెత్తబుట్టలో వేయడానికి ఆయనకు చేతులు వస్తాయా? రావు. ఆమె చేతిలో పెట్టడానికీ రాలేదు. రూపశ్రీ "నాయనా" అని ఒక్క మాట అంది. రైలు వచ్చేసింది. జనం తోసుకున్నారు, కూలీలు అరుస్తున్నారు, భార్య పెట్టెలు ఎక్కిస్తూ ఆయన భుజం పట్టి లాగింది. ఆయన ఆ సంచితోనే ఎక్కాడు. కిటికీ పక్కన సీట్లో కూర్చుని దాన్ని ఒళ్ళో పెట్టుకున్నాడు. పైన పెట్టడానికీ లేదు, కింద పెట్టడానికి అంతకన్నా లేదు. రెండు చేతులతో పట్టుకుని, మా వైపు చూడకుండా కూర్చున్నాడు.

బండి కదిలేదాకా రంజాన్‌బీ చాపిన చెయ్యి దించలేదు.

"మోయనీ" అంది. "గుంతకల్లు దాకా మోయనీ."

వెళ్ళిన బండి వైపే చూస్తూ ఉంది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. నేను చూడనట్టు పక్కకు తిరిగాను. అంతలో జయరామ్ ఫోను వచ్చింది.

"ఎక్కినారా? సరే, మంచి పని చేసినావు" అన్నాడు. తరవాత కొంచెం నసిగాడు. "ఆ పేరు సంగతి… వాళ్ళ గొడవ తీరింది కదా, సాయంత్రం మల్లా మార్చేస్తాలే. ఏమనుకోవద్దు."

ఏరు దాటాక తెప్ప తగలేయడమంటే ఇదే. ఫోను లాక్కుని నాలుగు మాటలు అందామనుకున్నాను. ఆమె నాకు అందనివ్వలేదు.

"మార్చండి సార్" అంది. "ఇల్లు మీది, యాప్ మీది. మార్చినాక మీరే వచ్చి తాళాలు తీసుకోండి. రేపొచ్చేవాళ్ళకు రమణి తలుపు తీస్తాది."

"బుకింగులు తగ్గితే ఎవరమ్మా చూసేది?"

"తగ్గనీండి సార్. వచ్చేవాళ్ళు నా పేరు తెలిసే వస్తారు. గడపలో పెట్టిన కాలు మాత్రం వెనక్కి తీసుకోరు."

జయరామ్ చివరికి, "ఉండనీలే, చూద్దాం" అని పెట్టేశాడు. ఆ చూద్దాం మీద నాకు అప్పుడూ నమ్మకం లేదు, ఇప్పుడూ లేదు. రోజూ అంగడి తెరవగానే కంప్యూటరులో మొదట ఆ పేజీనే చూస్తాను.

మెట్ల వంతెన వైపు నడుస్తుంటే ఆమె ఫోను మళ్ళీ మోగింది. కొత్త నంబరు. ఆమె కాసేపు దాని వైపే చూసి, స్పీకరు నొక్కింది. ఎవరో ఆడమనిషి, చిన్నపిల్ల ఏడుపు మధ్యలో గట్టిగా మాట్లాడుతోంది.

"హలో, రంజాన్‌బీ గారేనా అండీ? యాప్‌లో మీ పేరు చూసి చేస్తున్నాం."

రంజాన్‌బీ అక్కడే ఆగిపోయింది. చుట్టూ జనం ఆమెను తప్పించుకుని పోతున్నారు. ఆమె ఫోను నోటి దగ్గరికి తెచ్చుకుని, అవతలి మనిషికి ఫోనే అవసరం లేనంత గట్టిగా చెప్పింది.

"ఆ, రంజాన్‌బీనే. చెప్పండమ్మా."

ప్లాట్‌ఫారం మీద నలుగురు తలలు తిప్పి చూశారు. చూడనీ.